పెరటి కొలనుకు బాగ్ ఫిల్టర్: కంకర మడితో నీళ్ళను తేటపరిచే పద్ధతి

పెరట్లో చిన్న కొలను కట్టి, నాలుగు కలువ దుంపలు నాటి, పది గోల్డ్ ఫిష్‌లను వదిలిన వారిలో చాలామందికి రెండు నెలలు తిరక్కుండానే ఒకే సమస్య ఎదురవుతుంది. నీళ్ళు పసరులా మారి చేపలు కనబడకుండా పోతాయి. అక్వేరియం దుకాణంలో అమ్మే స్పాంజి ఫిల్టర్లు వారానికోసారి కడగమని కూర్చుంటాయి, మందులు చల్లితే పాచి చచ్చి అడుగున కుళ్ళుతుంది, మళ్ళీ కథ మొదటికి వస్తుంది. ఈ అవస్థకు నాకు తెలిసినంతలో నిలకడగా పనిచేసే పరిష్కారం బాగ్ ఫిల్టర్. కొలను పక్కనే కంకరతో నింపిన ఒక మడి కట్టి, కొలను నీటిని మోటారుతో దాని అడుగుకు పంపి, కంకర గుండా మొక్కల వేళ్ళను తాకుతూ పైకి లేచేలా చేసి, తిరిగి కొలనులోకే పారించడం ఇందులోని ఏర్పాటు. ఇక్కడ కొలతలన్నీ 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు ఉన్న కొలనుకు ఇస్తున్నాను. మీ కొలను ఎంత ఉంటే లెక్కలను అంతకు మార్చుకోవచ్చు.

మడిలో జరిగే పని

చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను వదులుతాయి. తినకుండా మిగిలిన మేత, రాలిన ఆకులు కుళ్ళినా అదే అమ్మోనియా పుడుతుంది. కంకర రాళ్ళపై జిగటగా పేరుకునే పొరలో నైట్రోసోమోనాస్ వంటి బ్యాక్టీరియా ఈ అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రోస్పైరా వంటివి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ చేపలకు విషాలే. నైట్రేట్ అంత ప్రమాదకరం కాదు కాని పాచికి అది పసందైన ఎరువు. ఆ ఎరువును పాచికి దక్కకుండా మడిలోని మొక్కలు లాగేసుకోవాలన్నదే మన ఏర్పాటు.

పైకి కనబడేవి మొక్కలే కాబట్టి పని అంతా అవే చేస్తున్నాయని చాలామంది అనుకుంటారు. నిజానికి మొదటి సగం పని కంకరది, ఆ కంకరకు ఆగకుండా ఆక్సిజన్ అందించే ప్రవాహానిది. నీరు వేడెక్కేకొద్దీ దానిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 35 డిగ్రీల వద్ద 7 మాత్రమే పడుతుంది. కాబట్టి రోహిణీ కార్తె ఎండలను తట్టుకోవలసిన మన కొలనులలో మోటారును పగలు నడిపి రాత్రి ఆపడమనే పొదుపు పనికిరాదు, అది 24 గంటలూ తిరగవలసిందే. ఇదే సూత్రాన్ని తేలే తెప్పలపై అమలు చేసి, హైదరాబాదులోని నెక్నాంపూర్ చెరువులో 2018లో మెట్టతామర, వట్టివేరు, జమ్ము వంటి మొక్కలతో చెరువు నీటిని శుద్ధి చేసే ప్రయత్నం చేశారు. మన మడి దానికి ఇంటి స్థాయి రూపమని అనుకోవచ్చు. తేడా ఏమిటంటే, మనం నీటిని వేళ్ళ మధ్యకు బలవంతంగా పంపుతాము.

కొలతలు

మడి వైశాల్యం కొలను ఉపరితలంలో 20 నుంచి 30 శాతం మధ్య ఉండాలి. చేపలు లేని కలువల కొలనుకు 10 శాతం చాలు, కోయి చేపలు పెంచేవారికి 30 శాతం కూడా తక్కువే. మన కొలను ఉపరితలం 70 చదరపు అడుగులు. దాని 7 అడుగుల పక్కన అంతే పొడవుగా, రెండున్నర అడుగుల వెడల్పుతో మడి కడితే 17.5 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 25 శాతం వస్తుంది. కంకర మందం ఒక అడుగు ఉండాలి. అంతకంటే లోతుగా పోస్తే అడుగున ఆక్సిజన్ అందని చోట్లు ఏర్పడి కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, మరీ తక్కువైతే వేళ్ళకు పట్టు ఉండదు. లోతు పెంచి వైశాల్యం తగ్గించుకుందామనే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు.

కొలనులో పట్టే నీరు 140 ఘనపుటడుగులు, అంటే సుమారు 4000 లీటర్లు. ఈ నీరంతా గంటకు ఒకసారి మడి గుండా తిరగాలి. మోటారు డబ్బాపై రాసి ఉండే లీటర్ల లెక్క నీటిని ఎత్తే పని ఏమీ లేనప్పటిది. ఎత్తు, పైపుల మలుపులు కలిసి ప్రవాహాన్ని తగ్గిస్తాయి. అందువల్ల ఒక మీటరు ఎత్తు వద్ద ఎంత పోస్తుందో చూపే పట్టికను అడిగి, అక్కడ 4000 లీటర్లు వచ్చే మోటారును ఎంచుకోవాలి. ధరతో పాటు వాట్లనూ చూడాలి. 50 వాట్ల మోటారు రోజంతా తిరిగితే 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు కాలుతాయి. చవకగా దొరికే 100 వాట్ల మోటారు దీనికి రెట్టింపు కాలుస్తుంది కాబట్టి కొన్నప్పుడు మిగిలిన డబ్బు కొన్నాళ్ళలోనే కరెంటు బిల్లులో కలిసిపోతుంది.

తవ్వకం, గోడలు, మట్టాలు

సంక్రాంతి దాటిన తరువాత పని మొదలుపెట్టడం మేలు. నేల ఆరి ఉంటుంది, గోడలు కుంగవు, మొక్కలు ఎండలు ముదిరేలోపు వేళ్ళూనుకుంటాయి. మడికి రోజుకు ఐదారు గంటలైనా ఎండ తగలాలి. వేప, చింత వంటి చిన్న ఆకులు రాల్చే చెట్ల కింద మాత్రం కట్టవద్దు, ఆ ఆకులు కంకర సందుల్లోకి దూరితే తీయడం మన తరం కాదు.

ఈ పని మొత్తంలో మేస్త్రీ పక్కన మీరు నిలబడి తీరవలసిన ఘట్టం మట్టాలు పెట్టేది. కొలనులో నీరు నిండుగా ఉన్నప్పటి మట్టాన్ని సున్నాగా పెట్టుకోండి. మడి అడుగు దానికి 5 అంగుళాలు కిందికి ఉండాలి. మడి నుంచి నీరు కొలనులోకి దూకే వాకిలి, అంటే నడిమి గోడలో ఒకటిన్నర అడుగుల వెడల్పున విడిచే గండి, సున్నాకు 6 అంగుళాలు పైన ఉండాలి. కంకర పైభాగం 7 అంగుళాల వద్ద, మిగిలిన గోడల తలలు 10 అంగుళాల వద్ద ఆగాలి. ఈ లెక్కన మడి లోపల అడుగు నుంచి గోడ తల దాకా 15 అంగుళాలు, అందులో కంకర 12 అంగుళాలు.

కంకర వాకిలి కంటే ఒక అంగుళం ఎత్తు ఉండాలని చెప్పడం అందం కోసం కాదు. గంటకు 4000 లీటర్లు ఒకటిన్నర అడుగుల వాకిలి మీదుగా పారేటప్పుడు నీరు అర అంగుళం మందాన ఉంటుంది. అప్పుడు కూడా కంకర పైపొర అర అంగుళం పొడిగానే మిగులుతుంది కాబట్టి దోమ గుడ్లు పెట్టడానికి నిలవ నీటి జాగా దొరకదు. మడి పైన నీరు మడుగు కట్టే నమూనాలు చల్లటి దేశాలలో చెల్లుతాయేమో కాని, డెంగీ తిరిగే మన ఊళ్ళలో కోరి తెచ్చుకోవలసినవి కావు.

గోడల తలలను, వాకిలిని రసమట్టంతో ఒకసారి, నీళ్ళు నింపిన సన్నటి లెవెల్ పైపుతో మరొకసారి సరిచూడండి. వాకిలి ఒక మూల అర అంగుళం పల్లమైనా నీరంతా అటువైపు నుంచే పోతుంది. నడిమి గోడ ఒకవైపు కంకర బరువును, మరోవైపు నీటి బరువును మోస్తుంది కాబట్టి అది 9 అంగుళాల మందం ఉండాలి. బయటి గోడలకు 4 అంగుళాల ఇటుక పని సరిపోతుంది, వెనుక మట్టి గట్టిగా దిమ్మిస వేసి ఉంటేనే సుమా.

లైనర్ పరచడం

సిమెంటు పూతను నమ్ముకోవడం కంటే లోపల లైనర్, అంటే నీరు ఇంకిపోకుండా ఆపే రబ్బరు లేదా ప్లాస్టిక్ పట్టా, పరచడమే మంచిది. పచ్చి సిమెంటు నుంచి సున్నం నీటిలోకి దిగి క్షారత పెరుగుతుంది, క్షారత పెరిగితే అదే మోతాదు అమ్మోనియా చేపలకు మరింత విషమవుతుంది. మన మడికి పదకొండున్నర అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు గల ముక్క కావాలి. అడుగు, రెండు వైపుల గోడల ఎత్తు, అంచుల మీద ఒక్కో అడుగు మడత కలిపితే ఆ కొలత వస్తుంది. ఒక మిల్లీమీటరు మందపు రబ్బరు లైనర్ మడతలకు బాగా ఒదుగుతుంది. వ్యవసాయ కుంటలకు వాడే 500 మైక్రాన్ల ప్లాస్టిక్ లైనర్ చవక, కాని మూలల వద్ద బిగుసుగా నిలబడుతుంది, ఓపికగా మడవాలి.

లైనర్ కింద రెండు అంగుళాల ఇసుక, దానిపై మెత్తటి పొర వేయాలి. పాత గోనె సంచులు వేయమని చెప్పేవారు ఉంటారు, వాటికి చెదలు పడతాయి. పాత ఫ్లెక్సీలను రెండు మూడు పొరలుగా పరిస్తే కుళ్ళవు, ఖర్చూ ఉండదు. పందికొక్కుల బెడద ఉన్న ఇళ్ళలో ఇసుక కంటే ముందు ఇటుకలు పరచడమో, ఇనుప జల్లెడ వేయడమో తప్పనిసరి. లైనర్ పైన కూడా ఒక ఫ్లెక్సీ పొర వేస్తే క్వారీ కంకర మొనలు గుచ్చుకోవు. నడిమి గోడ వద్ద మడి లైనర్ వాకిలి మీదుగా వచ్చి కొలను లైనర్ పైకి కనీసం ఒక అడుగు వేలాడాలి. ఈ అతుకు తిరగబడి, మడి లైనర్ కొలను లైనర్ కిందికి పోతే నీరు గోడలోకి ఇంకుతుంది. రోజూ నీరు తగ్గుతుంటే ఎండకు ఆవిరైపోతున్నదని సరిపెట్టుకుంటూ నెలలు గడిపేయడం ఇలాంటి చోటే జరుగుతుంది.

పైపులు

నీరు మడి అంతటా సమానంగా లేవడం పైపుల మీదే ఆధారపడి ఉంటుంది. నీరు తేలికగా పోగల దారిని వెతుక్కుంటుంది, ఒక్క చోట పైపు మూతి విడిచిపెడితే అక్కడే బుగ్గలా పొంగి, మిగిలిన కంకర అంతా నిలవ నీటిలో నానుతూ కూర్చుంటుంది. ఒకటిన్నర అంగుళాల పీవీసీ పైపులు రెండింటిని మడి పొడవునా, గోడల నుంచి ఏడున్నర అంగుళాలు, ఒకదానికొకటి 15 అంగుళాల ఎడంలో పెట్టి, మోటారు నుంచి వచ్చే వైపున టీ, ఎల్బోలతో కలపండి.

పైపుకు ప్రతి 2 అంగుళాలకు ఒక గాటు చొప్పున హాక్సా బ్లేడుతో పైపు వ్యాసంలో మూడో వంతు దాకా కోయాలి. బ్లేడు మూడో వంతు దాటిందంటే పైపు అక్కడ విరిగే అవకాశం ఉంది. కాబట్టి కోసే ముందే బ్లేడుకు ఆ లోతు వద్ద రంగు టేపు చుట్టుకుంటే చేయి తప్పదు. ఒక్కో పైపుకు దాదాపు 39 గాట్లు, రెండింటికి కలిపి 78 వస్తాయి. ఈ గాట్ల మొత్తం విస్తీర్ణం పైపు మూతి విస్తీర్ణానికి రెండు రెట్లకు తగ్గకుండా ఉంటుంది కాబట్టి మోటారుపై భారం పడదు. డ్రిల్లుతో గుండ్రటి రంధ్రాలు వేయడం సులువే కాని వాటిలో రాయి ఇరుక్కుంటుంది, గాటులో ఇరుక్కోదు. గాట్లు పైకి చూసేలా పెట్టేవారు ఎక్కువ. పక్కకు, కొద్దిగా కిందికి వాలి ఉండేలా పెట్టడం నాకు నచ్చుతుంది, మోటారు ఆగినప్పుడు పైనున్న మడ్డి నేరుగా పైపులోకి దిగదు.

రెండు పైపుల చివర్లనూ మూసివేయకుండా, ఎల్బో పెట్టి కంకర పైకి ఒక జానెడు వచ్చేలా నిలువు పైపు బిగించి, దానికి మర తిప్పే మూత పెట్టండి. మూత సాల్వెంటుతో అతకవద్దు. భవిష్యత్తులో మడిని శుభ్రం చేయగల మార్గం ఇదొక్కటే కాబట్టి, ఖర్చు తగ్గుతుందని దీన్ని వదిలేస్తే అయిదారేళ్ళకు కంకర మొత్తం పారతో ఎత్తిపోయవలసి వస్తుంది. మోటారు పైపు దారిలో ఒక బాల్ వాల్వ్ కూడా ఉండాలి.

ఆ పైపు మడి గోడ మీదుగా లోపలికి దిగే వంపు దగ్గర, కంకరకు పైన, అగ్గిపుల్ల మందాన ఒక రంధ్రం వేయండి. మోటారు ఆగితే మడిలోని నీరు పైపు గుండా వెనక్కి జారి కొలనులో పడకుండా ఈ రంధ్రం గాలి పీల్చి అడ్డుకుంటుంది. లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ సుమారు 100 లీటర్లు వెనక్కి వెళ్ళి, పై అరడుగు వేళ్ళు ఎండలో ఆరుతాయి. నీటిని ఒకవైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వ్‌తోనూ ఈ పని అవుతుంది కాని దానిలో పాచి చిక్కుకుంటుంది.

కంకర

మడికి మొత్తం 17.5 ఘనపుటడుగులు, బరువులో ముప్పావు టన్ను కంకర కావాలి. పైపుల చుట్టూ నాలుగు అంగుళాలు 20 మిల్లీమీటర్ల రాయి, ఆపైన ఎనిమిది అంగుళాలు 10 నుంచి 12 మిల్లీమీటర్ల రాయి పోయండి. 6 మిల్లీమీటర్ల చిప్స్, ఇసుక, డస్టు వద్దు, త్వరగా పూడుకుపోతాయి. పొరల మధ్య గుడ్డ, నెట్ వంటివి పరచవద్దు. మట్టిని అసలు వాడకూడదు. వేళ్ళకు కావలసిన పోషకాలన్నీ నీటిలోనే ఉన్నాయి, పిడికెడు మట్టి వేసినా అది గాట్లలోకి చేరుతుంది.

రాయి గ్రానైట్ జాతిది కావాలి. కడప, తాండూరు వైపు బండలు సున్నపురాయి, వాటి ముక్కలను వడపోతకు వాడితే అసలే కఠినంగా ఉండే బోరు నీరు మరింత కఠినమవుతుంది. కొలను గట్టుపై నడవడానికి పరచుకుంటే అభ్యంతరం లేదు. అనుమానం ఉంటే రాతిపొడి మీద రెండు చుక్కల యాసిడ్ వేసి చూడండి, సున్నపురాయైతే బుస్సున పొంగుతుంది. కంకరను మడిలో పోసే ముందు గమేళాలో వేసి, కడిగిన నీరు తేటగా వచ్చేదాకా కడగాలి. విసుగు పుట్టించే పని ఇదే, అందుకే కూలీలు రెండు బొచ్చెల నీళ్ళు కుమ్మరించి అయిపోయిందంటారు. ఆ క్వారీ పొడి కొలనులో నెల రోజులు పాలనీళ్ళలా తేలుతుంది.

మొక్కలు

చదరపు అడుగుకు ఒక మొక్క చొప్పున నాటాలి. వేళ్ళకున్న మట్టిని బక్కెట్టులో ముంచి పూర్తిగా కడిగి, కంకరలో మూడు అంగుళాల గుంత తీసి, తడి తగిలేంత లోతున పెట్టి, చుట్టూ రాళ్ళు సర్దితే చాలు. మన వాతావరణంలో అన్నిటికంటే నమ్మకమైనది మెట్టతామర. త్వరగా ఎదుగుతుంది, నత్రజనిని బాగా లాగుతుంది, ఏడాది పొడవునా పూస్తుంది. దానితో పాటు వస, చేమ, నర్సరీలలో అంబ్రెల్లా పామ్ పేరుతో అమ్మే తుంగ జాతి మొక్క, అంచుల వెంట పొన్నగంటి, బ్రాహ్మి బాగుంటాయి. వట్టివేరు రెండు మూడు దుబ్బులకు మించవద్దు, దాని వేళ్ళు అడుగు దాకా దిగి పైపులను అల్లుకుంటాయి. జమ్ము, రెల్లు పెరటి మడిలోకి రానివ్వకండి, వాటి మొనదేలిన దుంపలు లైనర్‌ను చీలుస్తాయి. గుర్రపు డెక్క సంగతి వేరే చెప్పనక్కరలేదు. మడిలో పెరిగిన పొన్నగంటిని కూరకు వాడకపోవడం మంచిది.

మోటారు, కరెంటు

వాకిలికి ఎదురు చివర, కొలను అడుగున రెండు ఇటుకలు పేర్చి వాటిపై మోటారును పెట్టండి. ఒక చివర లాగి మరో చివర వదిలితేనే నీరంతా తిరుగుతుంది. ఇటుకల ఎత్తు వల్ల మరో ప్రయోజనం కూడా ఉంది. మడి ఎక్కడైనా కారడం మొదలైతే మోటారు కొలనును పూర్తిగా తోడేయకుండా ఆరేడు అంగుళాల నీరు చేపలకు మిగులుతుంది. మోటారు చుట్టూ ప్లాస్టిక్ బుట్ట, అందులో 20 మిల్లీమీటర్ల రాళ్ళు పెడితే ఆకులు, చేపపిల్లలు లోపలికి పోవు.

నీటిలో చెయ్యి పెట్టే చోట కరెంటు ఉంది కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ లేకుండా ఈ మోటారును నడపకూడదు. చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపాలి. మూడు నాలుగు గంటల కరెంటు కోతను మడి తట్టుకుంటుంది. ఒక రోజంతా కరెంటు లేకపోతే కంకరలోని నీటిలో ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చస్తుంది, ఆ నీరు కంపు కొడుతుంది. అప్పుడు మోటారు వేసే ముందు నిలువు పైపుల మూతలు తీసి, వాటికి గొట్టం తొడిగి, మొదట వచ్చే ఒకటి రెండు వందల లీటర్లను కొబ్బరి చెట్టు పాదుకు మళ్ళించి, ఆ తరువాతే మూతలు బిగించండి. ఇన్వర్టర్ ఉంటే 50 వాట్లు దానికి లెక్కలోది కాదు.

తొలి వారాలు

కంకర మీద బ్యాక్టీరియా పొర కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపు నీరు ఒకసారి పచ్చబడి తీరుతుంది, కంగారు పడి నీరు మార్చవద్దు. చేపలను ముందు రెండు మూడే వదిలి, అక్వేరియం దుకాణంలో దొరికే కిట్‌తో అమ్మోనియా, నైట్రైట్ చూసుకుంటూ, రెండూ సున్నాకు వచ్చాక మిగిలిన వాటిని చేర్చండి. ఈ కొలనులో పది, పన్నెండు గోల్డ్ ఫిష్‌లకు చోటుంది. రెండడుగుల దాకా పెరిగే కోయికి 4000 లీటర్లు చాలవు. దోమ పిల్లలను తినడానికి నాలుగు గప్పీలు ఉంటే కొలను సంగతీ చూసుకున్నట్లవుతుంది. మున్సిపాలిటీ నీరు పోసేటప్పుడు దానిలోని క్లోరిన్ ఈ బ్యాక్టీరియాను చంపుతుందని మరవకుండా, ముందు రోజే డ్రమ్ముల్లో పట్టి ఆరుబయట ఉంచి వాడండి.

నడుస్తున్న మడి సంరక్షణ

రోజుకు 10 గ్రాముల మేత వేస్తారనుకుందాం. అందులో 35 శాతం ప్రోటీన్, ప్రోటీన్‌లో సుమారు 16 శాతం నత్రజని ఉంటాయి. ఏడాదికి దాదాపు 200 గ్రాముల నత్రజని, అంటే సుమారు 440 గ్రాముల యూరియాలో ఉన్నంత, ఈ కొలనులోకి చేరుతున్నదన్న మాట. కొంత చేపల ఒంటికి పడుతుంది, కొంత వాయువుగా పోతుంది, మిగిలినది మొక్కల్లోకి ఎక్కుతుంది. ఆ ఆకులు అక్కడే పండి రాలితే అదంతా తిరిగి నీటిలోనే పడుతుంది. అందుకే పూత అయిపోయిన మెట్టతామర కాడలను మొదలంటా కోసి ఎరువు గుంతలో వేయడం ఈ వడపోతలో ముఖ్యమైన పని. నెలకోసారి కత్తెర పట్టుకుంటే మంచిది. కాడలు కోయరు, మేత మాత్రం చేతికొచ్చినంత చల్లుతారు, చివరికి ఫిల్టర్ పనిచేయడం లేదంటారు!

నాలుగు నెలలకోసారి మోటారు నడుస్తుండగానే నిలువు పైపుల మూతలు ఒకదాని తరువాత ఒకటి తీసి, గొట్టం తొడిగి, నల్లటి నీరు తేటపడేదాకా మొక్కలకు వదలండి. వేసవిలో ఎండకు రోజుకు 60, 70 లీటర్లు ఆవిరవుతాయి. లవణాలు ఆవిరి కావు కాబట్టి బోరు నీటితో నింపుతూ పోతే కఠినత్వం పేరుకుంటుంది. వారానికి పదో వంతు నీటిని చెట్లకు తోడిపోసి కొత్త నీరు పడితే అది అదుపులో ఉంటుంది, డాబా మీది వాన నీటిని కొలనులోకి మళ్ళించగలిగితే ఇంకా మేలు. చేపలు తక్కువగా ఉన్న కొలనులో లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుము కొరత, యూరియా చల్లవద్దు.

మడిలో ఒకవైపు కంకర మీద నీరు తేలి, మరోవైపు పొడిగా ఉంటే ఆ పొడి వైపు పైపు గాట్లు పూడినట్లు, లేదా తేలిన వైపు వేళ్ళు దట్టమై నీరు వాకిలికి చేరలేనట్లు అర్థం. మొదట మూతలు తీసి పైపు కడగండి. తగ్గకపోతే, సాధారణంగా రెండో ఏడాది తరువాత వచ్చే ఈ పరిస్థితిలో, సగం మడిలోని దుబ్బులను పలుగుతో లేపి, వేళ్ళను విడదీసి, మూడో వంతు ముక్కలను మాత్రం తిరిగి నాటి, మిగతా సగాన్ని రెండు నెలల తరువాత అలాగే చేయండి. మొత్తం ఒకేసారి పెకిలిస్తే బ్యాక్టీరియా పొర చెదిరి తొలి వారాల పచ్చనీరు మళ్ళీ వస్తుంది. లేపిన సగంలోని కంకరను కుళాయి నీటితో కాకుండా కొలను నీటితోనే జాడించండి.